బ్యాటరీ కొత్తదే... మరి బండెందుకు కదలదు?

పాత కారున్న ఇళ్ళలో ఈ తంతు అందరికీ తెలిసిందే. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ ‘టిక్’మని ఊరుకుంటుంది. నలుగురూ చెయ్యేసి తోస్తే ఇంజను అందుకుంటుంది. ఆ తర్వాత రోజంతా ఏ పేచీ లేకుండా తిరుగుతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ ‘టిక్’. బ్యాటరీ పోయిందంటారు, కొత్తది వేయిస్తారు. రెండు వారాలు హాయిగా గడుస్తాయి. ఆ తర్వాత కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత జరిగినా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రలైటు మాత్రం ఒక్కసారి కూడా వెలగలేదు.

బ్యాటరీ నిజంగా పోయి ఉంటే బండి రోజంతా ఎలా తిరిగింది? కొత్త బ్యాటరీ అంత త్వరగా ఎందుకు దిగిపోయింది? ఛార్జింగులో లోపముంటే చెప్పాల్సిన ఎర్రలైటు ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నలకు జవాబులు తెలియకుండా మార్చే బ్యాటరీ చాలాసార్లు దండగే. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు ఒకటి, పావుగంట సమయం ఉంటే చాలు, లోపం ఎక్కడుందో చాలావరకు ఇంటి ముందే తేల్చుకోవచ్చు.

కారుకి కరెంటిచ్చేది ఎవరు?

కారుకి కరెంటిచ్చేది బ్యాటరీ అన్న మాట ఇంజను ఆగి ఉన్నంతసేపే నిజం. ఇంజను అందుకున్నాక హెడ్‌లైట్లకు, వైపర్లకు, బ్లోయరుకు, ఇగ్నిషన్ కాయిలుకు కరెంటు వచ్చేది ఇంజను పక్కన బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు నుంచి. చాలామంది మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచేది దాన్నే. బ్యాటరీ పని సెల్ఫ్ కొట్టడం, ఆల్టర్నేటరు చాలనప్పుడు లోటు పూడ్చడం.

మిద్దె మీద ట్యాంకు, కింద మోటారు, ఇంట్లో కుళాయిలు ఉన్న ఏర్పాటు లాంటిదే ఇదీ. బ్యాటరీ ట్యాంకు, ఆల్టర్నేటరు మోటారు, లైట్లూ ఫ్యాన్లూ కుళాయిలు. మోటారు ఎక్కించే నీళ్ళకన్నా కుళాయిల్లో పోయేవి ఎక్కువైతే ట్యాంకు రోజూ కొంచెం కొంచెం తరుగుతుంది. అప్పుడు ట్యాంకు మారిస్తే లాభమేమిటి? కొత్త ట్యాంకు నిండుగా వచ్చింది గనక కొన్నాళ్ళు గడుస్తుంది, అంతే. కొత్త బ్యాటరీ రెండు వారాలు పనిచేసి మొరాయించడం వెనక ఉన్న గుట్టు ఇదే.

సెల్ఫ్ ఎక్కువసార్లు కొట్టడం వల్ల బ్యాటరీ దిగిపోయిందనే మాట తరచూ వినిపిస్తుంది. లెక్క చూస్తే అది నిలబడదు. చిన్న కారు స్టార్టరు మోటారు 100 నుంచి 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. చాలా పెద్ద కరెంటే, కానీ లాగేది రెండు సెకన్లు. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీలో అది సుమారు నాలుగు వందల్లో ఒక వంతు. ఆల్టర్నేటరు బాగుంటే ఒకటి రెండు నిమిషాల్లో ఆ లోటు పూడిపోతుంది. బ్యాటరీని దించేది సెల్ఫ్ కాదు, గంటల తరబడి సాగే చిన్న లోటు.

ఆల్టర్నేటరు పూర్తిగా చేతులెత్తేస్తే ఏమవుతుంది? రాత్రిపూట విజయవాడలో బయల్దేరిన పాత మారుతి 800ని తీసుకోండి. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, ఇగ్నిషన్ కలిపి 15 ఆంపియర్ల దాకా తింటాయి. బ్యాటరీ కొత్తదై నిండుగా ఉన్నా రెండు గంటలు దాటి మోయలేదు. సూర్యాపేట దరిదాపుల్లోనే లైట్లు ఎర్రబారి, ఇంజను తడబడడం మొదలవుతుంది. అదే కారు పగలు లైట్లు, బ్లోయరు ఆపుకొని వెళ్తే ఆ బ్యాటరీతోనే హైదరాబాదు చేరిపోవచ్చు. కార్బురేటరు కారులో పెట్రోలు పంపు కూడా ఇంజనుతోనే నడుస్తుంది గనక ఇగ్నిషన్‌కి మాత్రమే కరెంటు కావాలి. బ్యాటరీ డౌన్ అయిన బండిని తోసి స్టార్ట్ చేశాక రోజంతా తిరిగిందంటే ఆల్టర్నేటరు ఎంతోకొంత ఇస్తోందన్నమాట. ఇచ్చేది చాలుతోందా, ఇచ్చినది బ్యాటరీ దాకా చేరుతోందా అన్నది వేరే సంగతి.

డైనమో నుంచి ఆల్టర్నేటరు దాకా

అయస్కాంతం పక్కన తీగచుట్ట కదిలినా, తీగచుట్ట పక్కన అయస్కాంతం కదిలినా తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. కారులోని యంత్రం పనిచేసేది ఆ సూత్రం మీదే. తొలినాటి అంబాసిడర్లలో ఉన్నది అసలైన డైనమో. అందులో కరెంటు పుట్టేది తిరిగే ఆర్మేచరులో. పుట్టిన కరెంటంతా కార్బన్ బ్రష్‌ల గుండా బయటికి రావాలి. దానితో బ్రష్‌లు త్వరగా అరిగేవి. 20, 25 ఆంపియర్లకు మించి ఆశించే వీలుండేది కాదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే దాదాపు ఏమీ వచ్చేది కాదు. రైల్వే గేటు దగ్గర ఆగిన పాత అంబాసిడర్ హెడ్‌లైట్లు మసకబారి, యాక్సిలరేటరు తొక్కగానే మళ్ళీ ప్రకాశించేవి. అది చెడిపోవడం కాదు, డైనమో తీరే అంత.

ఆల్టర్నేటరులో ఈ ఏర్పాటు తారుమారైంది. లోపల తిరిగేది విద్యుదయస్కాంతం, అంటే రోటరు. కరెంటు పుట్టే తీగచుట్టలు చుట్టూ కదలకుండా ఉంటాయి. బ్రష్‌ల గుండా వెళ్ళేది ఆ అయస్కాంతాన్ని నిలబెట్టే రెండు మూడు ఆంపియర్లు మాత్రమే. అందుకే కార్బన్లు ఏళ్ళ తరబడి మన్నుతాయి. పైగా ఇంజను ఒక చుట్టు తిరిగేలోగా ఆల్టర్నేటరు రెండు మూడు చుట్లు తిరుగుతుంది కనక ఐడిలింగులో కూడా కొంత పని జరుగుతుంది.

చిక్కల్లా ఒకటే. అందులో పుట్టేది మన ఇళ్ళలోలాగా దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు. బ్యాటరీకి కావలసింది డీసీ. కరెంటును ఒకవైపుకే వెళ్ళనిచ్చే డయోడ్లు ఆరు కలిసి ఏసీని డీసీగా మార్చే పని చేస్తాయి. ఆల్టర్నేటరు వెనక భాగంలో ఉండే ‘డయోడ్ ప్లేటు’ అదే. చవకగా, గట్టిగా ఉండే సిలికాన్ డయోడ్లు వచ్చాకే మామూలు కార్లకు ఆల్టర్నేటర్లు అమర్చడం సాధ్యమైంది. 1960 మోడలు క్రైస్లర్ వాలియంట్‌తో అమెరికాలో అది ఊపందుకుంది.

ఇంకా మిగిలింది రెగ్యులేటరు. వర్క్‌షాపుల్లో ‘కటౌట్’ అనే మాట కూడా వినిపిస్తుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగినా వోల్టేజీ సుమారు 14 దగ్గరే నిలవాలి. రెగ్యులేటరు రోటరుకు వెళ్ళే ఆ చిన్న కరెంటును సెకనుకి ఎన్నోసార్లు తెంచుతూ కలుపుతూ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది.

బాక్స్: మీటరులో అంకెలు ఏం చెబుతాయి?

బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కోదాంట్లో సుమారు 2.1 వోల్టులు. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 లేదా ఆపైన చూపించాలి. అది నిండు బ్యాటరీ. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 10.5 దగ్గర ఆగిపోతే ఒక గది పూర్తిగా చెడిందని అనుమానించాలి, ఆ బ్యాటరీకి మార్పిడే మందు.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారకూడదు. నిండు బ్యాటరీ కూడా జారితే అది బలహీనపడిందని అర్థం.

ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మే నెల మధ్యాహ్నం, ఇంజను బాగా వేడెక్కాక 13.6 కనిపించినా కంగారు అక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ కొంచెం తగ్గించేలా చాలా రెగ్యులేటర్లు తయారవుతాయి. 15 దాటితే మాత్రం రెగ్యులేటరు అదుపు తప్పినట్టే. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాటిమాటికీ తగ్గిపోవడం, బల్బులు ఊరికే మాడిపోవడం, బానెట్టు ఎత్తగానే కుళ్ళిన గుడ్డు వాసన రావడం దానికి గుర్తులు.

బండి అప్పుడే ఆపి ఉంటే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి, ఆర్పి, కాసేపాగి కొలవాలి. లేకపోతే పైపై ఛార్జి అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఎర్రలైటు చెప్పేది కొంతే

కారు యజమానులు ఎక్కువగా మోసపోయేది ఈ చిన్న బల్బు దగ్గరే. బ్యాటరీకి ఛార్జి ఎక్కుతోందా లేదా అని అది కొలవదు. బల్బుకి ఒక కొస తాళం గుండా బ్యాటరీకి, రెండో కొస ఆల్టర్నేటరుకి కలిపి ఉంటుంది. తాళం తిప్పగానే ఆల్టర్నేటరు వైపు వోల్టేజీ ఉండదు కనక కరెంటు బల్బు గుండా అటు పారుతుంది, లైటు వెలుగుతుంది. ఇంజను అందుకుని ఆల్టర్నేటరులో కరెంటు పుట్టాక రెండు కొసల్లోనూ వోల్టేజీ దాదాపు సమానమవుతుంది. ఇక పారడానికేమీ లేక లైటు ఆరిపోతుంది. అంటే అది చూపేది రెండు కొసల మధ్య తేడాను మాత్రమే.

ఇందులో ఇంకో విశేషముంది. తాళం తిప్పినప్పుడు ఆ బల్బు గుండా వెళ్ళిన కాస్త కరెంటే చాలా పాత కార్లలో రోటరుకి తొలి అయస్కాంత బలాన్నిస్తుంది. బల్బు మాడిపోతే ఆ తొలి బలం అందదు. ఇంజనును బాగా రేజ్ చేసేదాకా ఆల్టర్నేటరు మేల్కోకపోవచ్చు. తాళం తిప్పినా లైటు వెలగకపోతే ‘మంచిదే’ అనుకోకూడదు. బల్బు మాడిందో, వైరు తెగిందో, కార్బన్లు అరిగి రోటరును తాకడం మానేశాయో చూసుకోవాలి. ఇంజను నడుస్తుండగా లైటు నిండుగా వెలిగితే ముందు బెల్టు, ఆ తర్వాత కార్బన్లు, రెగ్యులేటరు అనుమానితులు. చీకట్లో మాత్రమే కనిపించేంత మసకగా వెలుగుతూ లైట్లు వేసినకొద్దీ కాస్త ప్రకాశిస్తుంటే డయోడ్లలో ఒకటి దెబ్బతిందనో, వైరు కీలుల్లో ఎక్కడో అడ్డు ఉందనో అనుకోవచ్చు.

ఆల్టర్నేటరు బాగుండి, అక్కణ్ణుంచి బ్యాటరీకి వెళ్ళే దారిలో లోపమున్నప్పుడు మాత్రం చాలాసార్లు ఆ లైటు ఏమీ చెప్పదు.

ఒక పాత మారుతి 800 మీద పరీక్ష

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా ఆ కార్లు ఇప్పటికీ మన వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. పాతికేళ్ళు దాటిన ఒక కారు పైన చెప్పిన జబ్బుతోనే వచ్చిందనుకుందాం.

మొదటి పని చేతి వేళ్ళతో, కళ్ళతో. ఇంజను ఆపి, రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకన్నా వదులైతే బరువు (లైట్లు, బ్లోయరు లాంటి లోడు) పడ్డప్పుడు జారుతుంది. బెల్టు లోపలి అంచు అద్దంలా మెరుస్తుంటే జారుతోందనడానికి అదే సాక్ష్యం. పొద్దున్నే బండి తీసినప్పుడు కీచుమనే చప్పుడు కూడా దానిదే. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ళు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, బ్రష్‌తో తోమి, బిగించి, పెట్రోలియం జెల్లీ పూయాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, నిప్పురవ్వ ప్రమాదం.

ఈ కారులో బెల్టు బాగుంది, టెర్మినళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రాత్రంతా ఆగిన బ్యాటరీ మీద మీటరు 12.2 చూపించింది. సగమే నిండింది. ఇంజను స్టార్ట్ చేసి, లైట్లేమీ వేయకుండా చూస్తే 13.7. చాలామంది ఇక్కడే ఆగి, ఛార్జింగు బాగుంది, బ్యాటరీదే తప్పు అనేస్తారు. తొందరపాటంతా ఇక్కడే జరుగుతుంది. బరువు వేయకుండా చేసే పరీక్ష సగం పరీక్షే.

హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, ఇంజనును సుమారు 2000 చుట్ల వేగంలో పట్టి ఉంచి చూస్తే బ్యాటరీ మీద 13.0కి పడిపోయింది. ఇప్పుడు మీటరు పాజిటివ్ ముల్లును ఆల్టర్నేటరు వెనక ఉన్న పెద్ద బోల్టు మీద పెడితే 14.2! అక్కడ పుడుతున్నది సరిగ్గానే ఉంది, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 1.2 వోల్టులు మాయమవుతున్నాయి. ఎక్కడ? మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెడితే నేరుగా 1.2 కనిపిస్తుంది. మంచి వైరులో ఇది 0.2, 0.3 దాటకూడదు. ఆ దారి వెంట ఒక్కో కీలునూ దాటుకుంటూ వస్తే వైరు చివరి రింగు దగ్గర అంకె ఒక్కసారిగా మారింది. రింగు లోపల రాగితీగలు పచ్చబడి, సగం తెగిపోయి ఉన్నాయి. దాదాపు 20 ఆంపియర్లు అక్కడ ఇరుక్కుని ఇరవై వాట్లకు పైగా వేడిగా పోతున్నాయి. ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగులోకి మారింది కూడా.

రెగ్యులేటరు ఎందుకు సరిదిద్దలేదు? చాలా ఆల్టర్నేటర్లలో అది వోల్టేజీని తన దగ్గరే కొలుచుకుంటుంది. అక్కడ 14.2 ఉంది గనక దానికి లోటేమీ కనబడలేదు. ఎర్రలైటు రెండు కొసల మధ్య ఉన్న ఆ 1.2 వోల్టుల తేడా బల్బు కంటికి కనిపించేలా వెలగడానికి చాలలేదు. బరువు లేనప్పుడు ఆ కీలు గుండా వెళ్ళే కరెంటు తక్కువ, అందుకే లోపం దాగింది. 13 వోల్టుల దగ్గర బ్యాటరీ ఎప్పటికీ నిండదు. సగం ఛార్జితో వారాల తరబడి ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, దాని శక్తి శాశ్వతంగా తగ్గుతుంది. ముందు వేసిన కొత్త బ్యాటరీ చచ్చింది ఇలాగే. మందు ఏమిటంటే ఒక కొత్త రింగు, జానెడు వైరు.

ఇదే కొలత ఎర్త్ వైపూ చేయాలి. ఒక ముల్లు ఆల్టర్నేటరు ఒంటి మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద. 0.2 దాటితే ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందని అర్థం. పాత కార్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ముందు చూడాల్సింది ఇదే.

పగలు బాగుండి రాత్రి దిగిపోతే

ఛార్జింగు అంకెలన్నీ బాగున్నా పొద్దునకి బ్యాటరీ డౌన్ అయితే, ఆగి ఉన్న కారులో ఏదో కరెంటు తాగుతోంది. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మధ్యలో మీటరును ఆంపియర్ల సెట్టింగులో పెట్టి చూడాలి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. కార్బురేటరు కారులో గడియారం తప్ప ఏమీ ఉండదు కనక కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే వెతకాల్సిందే. అర ఆంపియరు లాగుతుంటే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ.

ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ పోతే దొంగ ఏ వైరులో ఉన్నాడో తెలుస్తుంది. ఎక్కువసార్లు దొరికేది డిక్కీ లైటో, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో. ఫ్యూజులన్నీ తీసినా లీకు ఆగకపోతే ఆల్టర్నేటరు డయోడు మీద అనుమానం. కరెంటును వెనక్కి రానివ్వకూడని డయోడు చెడితే బ్యాటరీ రాత్రంతా దాని గుండా ఖాళీ అవుతుంది. దీనికి మీటరు కూడా అక్కర్లేని ఒక గుర్తుంది. రాత్రంతా కదలని బండి బానెట్టెత్తి ఆల్టర్నేటరును ముట్టుకుంటే గోరువెచ్చగా తగులుతుంది. మీటరుతో చూడాలనుకుంటే, ఇంజను నడుస్తుండగా ఏసీ వోల్టేజీ సెట్టింగులో బ్యాటరీ మీద పెట్టాలి. అర వోల్టు దాటితే డయోడు పోయినట్టే లెక్క.

బాక్స్: నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకొద్దు

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినలు పీకి, బండి ఆగకపోతే ‘డైనమో బాగుంది’ అని తీర్పు చెప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. డైనమో రోజుల్లో చెడిపోవడానికి డయోడ్లు లేవు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఇది ప్రమాదం. బ్యాటరీని ఉన్నట్టుండి దారిలోంచి తప్పిస్తే, అంతదాకా దానిలోకి వెళ్తున్న కరెంటుకి చోటుండదు. రోటరు అయస్కాంతం క్షణంలో చల్లారదు. ఆ కొద్ది వ్యవధిలో వోల్టేజీ పదుల్లోకి, ఒక్కోసారి వంద దగ్గరికీ ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న) కారైతే ఇంజను కంప్యూటరు కూడా మాడిపోవచ్చు. బాగున్న ఆల్టర్నేటరును చెడగొట్టుకునే పరీక్ష ఇది.

దారిలో లైటు వెలిగితే

ఎర్రలైటు వెలగగానే ముందు చూడాల్సింది టెంపరేచరు ముల్లు. మారుతి 800, అంబాసిడర్ లాంటి కార్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే నీళ్ళ పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ఛార్జింగుతో పాటు ఇంజను చల్లబడడమూ ఆగుతుంది. ముల్లు పైకి లేస్తుంటే అక్కడే ఆపేయాలి, లేదంటే కొన్ని కిలోమీటర్లలో హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ముల్లు కదలకపోతే, పగలైతే, బ్లోయరు, ఏసీ, స్టీరియో ఆపి, ఇంజను ఆపకుండా దగ్గరి ఆటో ఎలక్ట్రీషియన్ దాకా వెళ్ళొచ్చు. లోపం బాగుచేయించాక కూడా, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని మళ్ళీ నింపే పని ఆల్టర్నేటరుకి అప్పగించడం మంచిది కాదు. గంటల తరబడి పూర్తి బరువు మీద నడిచి అది వేడెక్కిపోతుంది. బయట ఛార్జరుతో నింపడమే సరైన పద్ధతి.

పాత ఆల్టర్నేటరును మొత్తంగా మార్చాల్సిన అవసరం చాలా అరుదు. కార్బన్లు, బేరింగులు, రెగ్యులేటరు, డయోడ్ ప్లేటు విడివిడిగా దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వీటిని విప్పి బాగుచేసే పనివాళ్ళకు కొదవలేదు. వాళ్ళ దగ్గరికి ‘బ్యాటరీ మార్చండి’ అని కాకుండా నాలుగు అంకెలతో వెళ్ళండి: రాత్రంతా ఆగాక ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత, లైట్లు వేసి బ్యాటరీ మీద ఎంత, అప్పుడే ఆల్టర్నేటరు మీద ఎంత. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. మార్చక తప్పనప్పుడు పాతదాన్ని పాతసామాన్ల వాళ్ళకి వేయకుండా డీలరుకే ఇవ్వండి. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.